ఆఖరి బండి

పెద్దిరాజు మళ్లీ ఆఖరున వచ్చాడు.

అప్పటికే మిగతావాళ్లంతా హెల్మెట్లు తీసేసి, నీడన చేరి, చికెన్ రైస్ పొట్లాలు విప్పేశారు.

"అంకుల్, మీకోసం జెండా ఎత్తిపట్టుకుని కేశవరావుగారికి చెయ్యి పడిపోయింది," అన్నాడు వరుణ్.

అందరూ నవ్వారు. పెద్దిరాజు కూడా నవ్వాడు. బండికి స్టాండు వేసి, వాళ్లందరినీ ఓసారి కలయజూసి, తన పొట్లం తీసుకుని పక్కన కూర్చున్నాడు.

సింగపూర్ పడమటి కొసన, సముద్రాన్ని పూడ్చిన నేల మీద వేసిన రోడ్లవి. ఫ్యాక్టరీలు ఇంకా రాలేదు. నెలకో ఆదివారం పర్మిషన్ తీసుకుని, రోడ్లు మూసేసి, కేశవరావు నడిపే క్లబ్బువాళ్లు మోటార్ సైకిల్ రేసులు పెట్టేవారు. అందరూ సరదాకి నడిపేవాళ్లే. వారమంతా ఆఫీసులు, ఆదివారం బళ్లు.

వరుణ్‌ది కాకినాడ. సాఫ్ట్‌వేర్ వచ్చినవాణ్ణి కంపెనీలు ఎగరేసుకుపోతున్న రోజులవి. చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగం, కింద కొత్త బండి. మొదటి ముగ్గురిలో ఎప్పుడూ ఉండేవాడు.

పెద్దిరాజుది భీమవరం దగ్గర. యాభై దాటాయి. సింగపూర్ వచ్చి పాతికేళ్ల పైమాటే. జురాంగ్ వైపు ఓడలు బాగుచేసే యార్డులో ఇంజనీరు. వయసులో ఉండగా రేసులు నడిపేవాడట. తర్వాత చాలా ఏళ్లు బండి ముట్టుకోలేదట. క్లబ్బు మళ్లీ రేసులు మొదలుపెట్టగానే తిరిగొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆఖరి స్థానం ఆయనదే.

"ఈ వయసులో మళ్లీ ఎందుకొచ్చారంకుల్?" అడిగాడు వరుణ్. "గెలిచేది లేదు కదా."

"ఇంట్లో కూర్చుంటే తోచట్లేదయ్యా," అన్నాడు పెద్దిరాజు. "నువ్వు మాత్రం ఆ కాలువ పక్క మలుపులో కాస్త చూసుకో. మరీ పక్కకి ఒరిగిపోతున్నావు."

ఆఖరున వచ్చేవాడు తనకి పాఠం చెబుతున్నాడు. వరుణ్ తలూపి ఊరుకున్నాడు.

పైనెల రేసుకి కాస్త ముందు వాన కురిసి వెలిసింది. రోడ్డింకా తడిగానే ఉంది.

మొదటి రౌండులోనే వరుణ్ రెండో స్థానానికి వచ్చాడు. ముందున్నవాణ్ణి ఆ మలుపులో దాటేద్దామనుకున్నాడు. వెనక చక్రం జారింది. వెనకవాళ్లు మలుపు తిరిగేలోపే బండితో సహా నిలువెత్తు గడ్డిలోకి దూసుకుపోయి, దాని వెనక ఉన్న లోతైన కాలువలో పడ్డాడు.

కాలు కదల్లేదు. నీళ్లు గడ్డం దాకా ఉన్నాయి. అరుద్దామంటే ఊపిరి అందలేదు.

పైన బళ్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు.

కాసేపటికి చప్పుడు సద్దుమణిగింది. తనిక్కడ పడి ఉన్నట్టు ఎవరికీ తెలియదని అప్పుడర్థమైంది వరుణ్‌కి.

అంతలో ఇంకో బండి వినిపించింది. మలుపు దగ్గర నెమ్మదించింది. ఆగింది.

"ఎవరయ్యా అక్కడ?"

గడ్డి తోసుకుంటూ, ఫోన్లో కేశవరావుకి చోటు చెబుతూ, పెద్దిరాజు దిగి వచ్చాడు.

"కదలకు. మెడ అలాగే ఉంచు. నేనున్నానుగా."

అంబులెన్సు వచ్చేదాకా ఆయన నడుంలోతు నీళ్లలో నిలబడి, వరుణ్ తలని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

ఆస్పత్రిలో కాలికి రాడ్డు వేశారు. మర్నాడు పెద్దిరాజు, భార్య చేత చారన్నం చేయించి తెచ్చాడు.

"మీరు వెనక ఉండబట్టి సరిపోయిందంకుల్," అన్నాడు వరుణ్ నవ్వుతూ. "ముందుంటే మీరూ చూసేవారు కాదు."

పెద్దిరాజు క్యారియర్ గిన్నెలు సర్దుతున్నవాడల్లా ఆగాడు.

"నిజమే. చూసేవాణ్ణి కాదు," అన్నాడు.

కాసేపు కూర్చుని, డాక్టరు చెప్పేదాకా కాలు కింద పెట్టొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయనకి సరిగ్గా కృతజ్ఞతలు చెప్పనేలేదని వరుణ్‌కి తర్వాత తోచింది. లేచి నడిచాక, క్లబ్బులో అందరి ముందూ చెబుదాంలే అనుకున్నాడు.

నడిచి క్లబ్బుకి వచ్చేసరికి నాలుగైదు నెలలు పట్టింది. పెద్దిరాజు లేడు. యార్డువాళ్లు దుబాయ్ పంపించేశారట. బండి మాత్రం కేశవరావుకి వదిలిపోయాడు.

కేశవరావు దాన్ని స్టార్ట్ చేశాడు. ఆ ఇంజను గొంతు విని వరుణ్ నిలబడిపోయాడు. రెండుసార్లు యాక్సిలరేటర్ తిప్పి చూశాడు. తన బండి దీని ముందు ఎందుకూ పనికిరాదు.

"ఇలాంటి బండి పెట్టుకుని ఆఖరున వచ్చేవారా?"

"రావడమేంటి? ఆ చోటు నన్ను అడిగి తీసుకున్నాడు. తిరిగొచ్చిన రోజే చెప్పాడు, నా వెనక ఎవరినీ పెట్టొద్దని."

"ఎందుకని?"

కేశవరావు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"చాలాకాలం నాటి మాట. అప్పట్లో వేరే రోడ్ల మీద పెట్టేవాళ్లం. నీలాగే ఒక కుర్రాడు కాలువలో పడిపోయాడు. ఎవరూ చూళ్లేదు. అందరూ దాటిపోయారు. కప్పు ఇచ్చేసి, ఫోటోలు దిగి, మకాన్‌కి, అదే తిండికి, కూర్చున్నాక గానీ ఒక బండి తక్కువైందని తెలీలేదు. పరిగెత్తుకుని వెళ్లేసరికే ప్రాణం పోయింది. ఆ రోజు నుంచే పెద్దిరాజు బండి మానేశాడు."

వరుణ్ ఆ బండి సీటు మీద చెయ్యి వేశాడు.

"ఆ కుర్రాడు అంకుల్‌కి ఏమవుతాడు? తమ్ముడా?"

"ఏమీ కాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకున్నది కూడా లేదు."

"మరి?"

కేశవరావు ఇంజను ఆపాడు.

"ఆ రోజు కప్పు అందుకున్నది పెద్దిరాజు."