ఆకు వెనక మనిషి

నీళ్లలోంచి ఒక తల పైకి లేచింది.

బట్టతల. ఎర్రబడ్డ కళ్లు. అవి రెప్ప వేయకుండా బుజ్జిదాని వైపే చూస్తున్నాయి.

తల్లి చంకలోని కూతుర్ని గుండెకు అదుముకుంది. అసలే ఆవిడది ఉలికిపాటు స్వభావం. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చే రకం.

బొటానికల్ గార్డెన్‌లో వేసవి సంబరాలకు అది చివరి రోజు. చెట్ల పరిచయాలూ, బొమ్మల పోటీలూ ఎన్ని ఉన్నా, గిరాకీ అంతా కలువ ఆకు ఫోటోకే. కొలనులో మంచమంత ఆకులు, అంచులు పళ్లెంలా పైకి మడుచుకుని తేలుతున్నాయి. ఆకు మీద పల్చటి చెక్క వేసి, గుడ్డ పరిచి, ఏడాది లోపు పిల్లల్ని కూర్చోబెడతారు. ఇద్దరు పనివాళ్లు పక్కకు తప్పుకోగానే గట్టు మీది ఫోటోగ్రాఫర్ టక్కున నొక్కేస్తాడు. అంతా అర నిమిషం పని. పనివాళ్లు నిలబడటానికి నీళ్లలో రాతి మెట్టు ఉంది, ఆకు వెనక వైపు అది మెడలోతుకు దిగుతుంది. దాని అవతల నిలువు లోతు.

ఈ సరదా తల్లిది కాదు, ఆడపడుచుది. మేనకోడలి ఫోటో హాల్లో పెట్టాలని ఆవిడ పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడింది.

"నీ నీడను చూసి నువ్వే దడుచుకుంటావు వదినా. అటు చూడు, పిల్లలు ఎంచక్కా కూర్చుంటున్నారు."

వదిన చూస్తున్నది పిల్లల్ని కాదు, ఆ తలను. పిల్లను కూర్చోబెట్టినప్పుడల్లా అది ఆకు వెనక్కి చేరుతోంది. పిల్లను ఎత్తగానే ఇవతలికి వస్తోంది. పనివాళ్లకున్న పచ్చ చొక్కా అతనికి లేదు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. ఒక చెయ్యి నీళ్ల పైన వణుకుతోంది. రెండో చెయ్యి ఎక్కడుందో తెలియడం లేదు. ఆ కనిపించని చెయ్యే ఆమెకు ముచ్చెమటలు పట్టించింది.

"ఆయన మీ మనిషేనా?" అని నిర్వాహకురాలిని అడిగింది.

నిర్వాహకురాలు కొత్త. సంబరాల పని ఈ ఏడే మొదటిసారి బయటి కంపెనీకి ఇస్తే, పచ్చ చొక్కాల పనివాళ్లతో పాటు వాళ్ల తరఫున వచ్చింది. చేతిలోని జాబితా రెండుసార్లు తిరగేసింది. కొలనులో ఉండాల్సింది ఇద్దరే. ఆమె ముఖం కూడా పాలిపోయింది.

విషయం వరుసంతా గుప్పుమంది. తాగి ఉన్నాడని ఒకావిడ, పిల్లల్ని ఎత్తుకుపోయే బాపతని ఇంకొకావిడ అప్పటికప్పుడు తేల్చేశారు.

కాపలా మనిషి పిలిస్తే అతను వెంటనే కదిలాడు. ఇనప నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ పైకొచ్చాడు. అరవై దాటిన మనిషి. తడి బనీను ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఎవరు, ఎందుకు దిగారు అని అడిగితే తల దించుకున్నాడు. పోలీసుల మాట ఎత్తాక మాత్రం నోరు తెరిచాడు.

"వెళ్లిపోతానమ్మా. ఆకు వెనక మాత్రం ఎవరో ఒకరు ఉండండి. పిల్లలు వెనక్కే వాలతారు."

చెక్క ఉందనీ, ఇద్దరు మనుషులున్నారనీ చెప్పి నిర్వాహకురాలు అతన్ని పంపేసింది. అతను నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూ నడిచాడు. చెట్ల చాటుకు వెళ్లాకే తల్లికి ఊపిరాడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురిలో నోరు విప్పిందని ఆడపడుచు ఆమెను మెచ్చుకుంది కూడా.

బుజ్జిదాని వంతు వచ్చింది.

ఆకు మీద కూర్చోగానే అది కిలకిలా నవ్వింది. పనివాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు.

ఒక తూనీగ పిల్ల తల మీదుగా ఎగిరింది. దాన్ని చూడబోయి బుజ్జిది వెనక్కి వాలింది.

ఆకు ఒరిగింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు.

తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. పనివాళ్లు చుట్టూ తిరిగి రాబోతే ఆకులు అడ్డం పడుతున్నాయి. అప్పుడే వెనక గట్టు మీంచి ఎవరో లోతు వైపు దూకారు.

ఆకుల మధ్య నుంచి రెండు చేతులు పైకి లేచాయి. వాటిలో బుజ్జిది ఉంది. ఆ చేతులు తప్ప మనిషి కనిపించలేదు.

పనివాడు పిల్లను లాక్కున్నాడు. గట్టెక్కి, బోర్లా పట్టుకుని వీపు చరిచాడు. పిల్లలో కదలిక లేదు. మళ్లీ చరిచాడు. మూడోసారికి నీళ్లు కక్కి, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని తల్లి కూలబడిపోయింది. అందరూ పిల్ల చుట్టూ మూగారు. ఒకరు తువ్వాలు తెచ్చారు, ఒకరు డాక్టరుకు ఫోన్ చేశారు. పిల్లను ఒళ్లో వేసుకుని అరికాళ్లు రుద్దుతూ తల్లి లోకం మరిచిపోయింది.

ఆ చేతులు ఆమెకు గుర్తొచ్చేసరికి చాలాసేపయింది.

"ఆయన పైకొచ్చాడా?"

అందరూ కొలను వైపు తిరిగారు. పనివాళ్లు మళ్లీ నీళ్లలోకి దిగారు. ఆకుల కింద, కాడల మధ్య చిక్కుకుని దొరికాడు. గట్టు మీద పడుకోబెట్టి ఎంత నొక్కినా ఛాతీ కదల్లేదు. ఆమె వెళ్లగొట్టించిన మనిషే.

ఎక్కడో అద్దాల ఇంట్లో పనిలో ఉన్న ముసలి తోటమాలి పరుగున వచ్చి, ఆ తలను ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఈయన మీ దగ్గర ఈతగాడా?" అని తల్లి అడిగింది.

తోటమాలి తల అడ్డంగా ఊపాడు.

"ఈత రాదమ్మా. మోకాలి లోతు నీళ్లంటేనే హడలిపోయేవాడు. గేటు దగ్గర టికెట్లు అమ్మేవాడు, రిటైరై ఆరేళ్లయినా సంబరాలకు మానకుండా వచ్చేవాడు. ఉద్యోగం చేసే రోజుల్లో 'పిల్లకేం కాదు కదండీ' అని భయంగా అడిగిన ప్రతి తల్లికీ 'ఏం కాదమ్మా' అని చెప్పి టికెట్టు ఇచ్చేవాడు, ఆ మాట అన్నందుకు కిటికీ మూసేసి వచ్చి ఆకు వెనక నిలబడేవాడు."