ముందు వరుసలో మఫ్లర్

పాట మధ్యలో అన్న గిటారు ఆపేశాడు.

"శ్రుతి తప్పావు," అన్నాడు మైకులోనే.

"తప్పింది నీ గిటారు," అన్నాడు తమ్ముడు. అదీ మైకులోనే.

చిన్న హాలు. సగం కుర్చీలు ఖాళీ. మిగతా సగంలో ఉన్నవాళ్లు కూడా లేచి వెళ్లిపోదామా వద్దా అని చూస్తున్నారు.

అప్పుడు ముందు వరుసలో, మెడకి మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"కొట్టుకోవడానికి మీకు ఇల్లు లేదట్రా? ఆ చిన్నోడిది గొంతా, పగిలిన డబ్బానా?"

అన్న గిర్రున తిరిగాడు. "మా తమ్ముణ్ణి అనడానికి నువ్వెవడివయ్యా?"

"నువ్వు మాత్రం? అది వాయించడమా, గోక్కోవడమా?"

"మా అన్న కాలిగోటికి కూడా సరిపోవు, కూర్చో!" అన్నాడు తమ్ముడు.

ఆ మంట మీద ఇద్దరూ కలిసి పాట అందుకున్నారు. అంత బాగా అంతకుముందెప్పుడూ పాడలేదు, వాయించలేదు. లేచి వెళ్లిపోదామనుకున్నవాళ్లు కుర్చీలెక్కి నిలబడ్డారు.

అలా దశ తిరిగింది.

సంగీతం వాళ్లకి పోయిన నాన్న నుంచి వచ్చింది. ఆయనా ఒక బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. ఇంట్లో గోడ మీద ఆయన ఫొటో ఒకటుంది, సగానికి కత్తిరించింది. నాన్న భుజమ్మీద ఎవరిదో చెయ్యి మాత్రం మిగిలింది. ఎవరిదని అడిగితే నాన్న మాట మార్చేసేవాడు.

హాళ్లు పెద్దవయ్యాయి. హాళ్లు చాలక మైదానాలయ్యాయి. అన్నదమ్ములు మాత్రం వ్యానులో చెరో కిటికీ పట్టుకుని కూర్చునేవాళ్లు. ఒకరి మాట ఇంకొకరికి మోసే పని వాళ్ల బ్యాండు డ్రమ్మరుది. పాపం, డ్రమ్ములు వాయించడం కంటే అదే ఎక్కువ చేశాడు.

ఎక్కడ వాయించినా ముందు వరుసలో ఆ మఫ్లర్ పెద్దాయన ఉండేవాడు. స్టేజీ మీద ఇద్దరికీ చెడిందంటే చాలు, లేచి ఇద్దర్నీ కడిగేసేవాడు. ఇద్దరూ కలిసి ఆయన మీద పడేవాళ్లు. జనానికి అదో సరదా.

చివరికి పాటల కింద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర అన్నదమ్ములకి మాటలు పూర్తిగా ఆగిపోయాయి.

ఆ వారమే మఫ్లర్ కొత్త మాట అరిచాడు.

"ఒరేయ్ చిన్నోడా! బళ్లో తెర వెనక నిలబడి నీకోసం పాడింది మీ అన్నే కదరా!"

తమ్ముడు పాట ఆపేశాడు.

చిన్నప్పుడు బడి వార్షికోత్సవంలో స్టేజీ మీద భయంతో అతని గొంతు పెగల్లేదు. అన్న తెర వెనక నుంచి పాడితే తను పెదవులు కదిపాడు. ఆ సంగతి మూడో మనిషికి తెలియదనే అతని నమ్మకం.

జనం గొల్లుమన్నారు. తమ్ముడు అన్న వైపు చూశాడు. అన్న నవ్వుతున్నాడు.

ఇన్నాళ్లూ నన్ను తిట్టించింది నువ్వా! తోడబుట్టినవాడివి, నువ్వా!

తర్వాతి కచేరీ అన్నిటికంటే పెద్దది. తమ్ముడు ముందుగానే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఆ మఫ్లర్‌ని లోపలికి రానివ్వకండి."

కాపలావాళ్లు రెక్క పట్టుకుంటే ఆయన పెనుగులాడలేదు. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఈ ఒక్కసారికి ఉండనివ్వు బాబూ. మీరిద్దరూ బొత్తిగా మాట్లాడుకోవడం లేదు."

"అది నీకెందుకు? పోయి మా అన్నకే చెప్పుకో!"

సాయంత్రం, పాట మధ్యలో అన్న గిటారు ఆపేశాడు.

"శ్రుతి తప్పావు."

తమ్ముడు ముందు వరుస వైపు చూశాడు. అన్న కూడా అటే చూశాడు. ఎవరూ లేవలేదు.

"మనిషిని పెట్టి తిట్టించేవాడివి, నువ్వా నాకు శ్రుతి చెప్పేది?" అన్నాడు తమ్ముడు.

"ఏ మనిషి?"

"నాటకాలాడకు! తెర సంగతి వాడికి చెప్పింది నువ్వు కాదూ?"

అన్న మైకు పక్కకి నెట్టాడు.

"నన్ను ఇంత నీచుణ్ణనుకున్నావన్నమాట."

గిటారు విసిరికొట్టలేదు. మెడలోంచి తీసి నెమ్మదిగా కింద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇది రోజూ చూసే సరదా కాదని జనానికి కూడా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు అమ్మ దగ్గరికి వెళ్లాడు, అన్న చేసిన ద్రోహం చెప్పుకోవడానికి.

తలుపు తీసే ఉంది. వంటింట్లో మఫ్లర్ కూర్చుని ఉన్నాడు. అమ్మ ఆయన చేతికి వేడి ఉప్పునీళ్లు అందిస్తోంది.

"అమ్మా! నువ్వా?"

"నేనే," అంది అమ్మ. "ఇంకొకడు తిడితే గాని మీరిద్దరూ ఒకటవ్వరు కదరా. చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే నేనే వెళ్లమన్నాను."

"మరి తెర సంగతి?"

"మీ అన్న ఆ రోజే నాకు చెప్పేశాడు, నిన్నేమీ అనొద్దని బతిమాలుతూ. అది గుర్తుచేస్తే ఇద్దరూ కరుగుతారనుకున్నాడు ఈయన. బెడిసికొట్టింది."

ఆ రోజు అన్న నవ్వింది వెక్కిరింపుతో కాదని, చిన్ననాటి సంగతి గుర్తొచ్చి మురిపెంతోనని తమ్ముడికి అప్పుడు తెలిసింది. ఫోను తీశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. అన్న ఎత్తలేదు.

"ఇంతకీ ఎవరమ్మా ఈయన?"

మఫ్లర్ ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు.

అమ్మ గోడ మీది ఫొటో వైపు తిరిగింది.

"వీళ్లదీ అదే గొడవరా. బ్యాండులో ఎవరి పేరు ముందుండాలని. మీరు పుట్టకముందే విడిపోయారు, మీ నాన్న పోయేదాకా ఒక్క మాట లేదు."

తమ్ముడు ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకున్న ఆ చేతి వైపు చూశాడు.

"ఆ చెయ్యి మీ బాబాయిదేరా, మీ నాన్న ఫొటోలోంచి కత్తిరించేసిన తమ్ముడిది."