అన్నిటికన్నా మెత్తవి

"మస్టాంగ్ కారుకి మెత్తటి షాక్ అబ్జార్బర్లేంట్రా వెర్లిన్? మీ నానమ్మని చర్చికి తిప్పుతావా?" విడిభాగాల కొట్టు రాస్కో నవ్వాడు.

వెర్లిన్ నవ్వలేదు. "అన్నిటికన్నా మెత్తవి ఇవ్వు."

"శనివారం రేసుల కోసం మీ అన్న దానికి నాతో కొట్లాడి మరీ గట్టివి వేయించుకున్నాడు. తెలిస్తే తంతాడు."

"వాడే పంపాడు."

రాస్కో ఒక జత తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెర్లిన్ ఒకదాన్ని నిలబెట్టి అదిమి చూశాడు.

"ఇంకా మెత్తవి లేవా? అన్నకి క్యాన్సర్ వెన్నులోకి పాకింది. ఆసుపత్రికి ఆ బండిలో తప్ప రానంటాడు. కుదుపు కుదుపుకీ అరుస్తున్నాడు."

రాస్కో తనూ ఒకసారి అదిమాడు.

"ఇంతకన్నా మెత్తవి ఎవరూ చెయ్యరు. మీ కంకర రోడ్డు మీద కాస్త నెమ్మదిగా పోనీరా."

"మనిషి నడిచేంత నెమ్మదిగానే పోనిస్తున్నా," అన్నాడు వెర్లిన్.