అడ్డొచ్చినవాడు

పందెం ట్రాక్ మూడో మలుపులో రెండు కార్లు గోడకు కొట్టుకున్నాయి.

ముందున్నది వెండెల్ కారు. వెనక నుంచి దాన్ని గుద్దింది మార్లా కారు.

రాయిస్ టటిల్ చేతిలోని పానా జారి కింద పడింది. మార్లా అతని ఒక్కగానొక్క కూతురు. ఇంకొన్ని చుట్లు తిరిగితే ఆ సీజన్ కప్పు ఆమెదే.

"కావాలనే అడ్డొచ్చాడు! పాల బండోడు అడ్డొచ్చాడు!" స్టాండులో ఎవరో గొంతు చించుకున్నారు.

రాయిస్ కూడా కళ్లారా చూశాడు. మార్లా దూసుకొస్తుంటే ఒక చుట్టు వెనకబడి పక్కకు తప్పుకోవాల్సిన మనిషి, స్టీరింగ్ తిప్పి సరిగ్గా ఆమె ముందుకే వచ్చాడు.

వెండెల్ ప్రూయిట్‌ది కేరొలైనా కొండల్లో పాల ట్యాంకర్ నడిపే ఉద్యోగం. డ్యూటీ లేని శనివారాల్లో, ఏడాదికి ఏ నాలుగైదు సార్లో పందేనికి వచ్చేవాడు. ఇరవై ఏళ్లుగా వస్తున్నాడు. ఒక్కటీ గెలవలేదు. "పాలు విరిగిపోతాయి, కాస్త తొందరగా నడపవయ్యా" అని కుర్ర డ్రైవర్లు ఏడిపిస్తే తనూ కలిసి నవ్వేవాడు.

రాయిస్ పరిగెత్తాడు.

అప్పటికే వెండెల్ తన కారులోంచి పాక్కుంటూ బయటపడి, మార్లా కారు కిటికీలోకి నడుం దాకా దూరి ఉన్నాడు.

రాయిస్ కాలరు పట్టి బయటకు ఈడ్చాడు.

"నా పిల్లని ముట్టుకోకు!"

"బతికే ఉంది రాయిస్. ఊపిరాడుతోంది. మెడ మాత్రం కదపనివ్వకు..."

మాట పూర్తి కాకముందే రాయిస్ పిడికిలి అతని మూతి మీద పడింది.

వెండెల్ నెత్తురు తుడుచుకున్నాడు. తిరిగి చెయ్యెత్తలేదు.

అంబులెన్సులోకి మార్లాను ఎక్కిస్తుండగానే ట్రాక్ అధికారి వచ్చాడు.

"వెనక అమ్మాయి వస్తోందని అద్దంలో కనబడలేదా?"

"చూసుకోలేదు."

"చూసుకోకపోవడమేంటి? ఇరవై ఏళ్లుగా నడుపుతున్నావు!"

"తప్పు నాదేనండి."

రాయిస్ నిర్ఘాంతపోయాడు. వెండెల్ ఏదో ఒక సాకు చెబుతాడనీ, దానికి ఇంకో దెబ్బ వేద్దామనీ ఉన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఆ పిడికిలిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఇక జన్మలో ఈ ట్రాక్ మీదికి రావద్దన్నాడు అధికారి.

వెండెల్ హెల్మెట్ చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఉడకబెట్టిన వేరుశెనగ తొక్కలు, సోడా కప్పులు అతని వీపు మీద పడుతూనే ఉన్నాయి.

మార్లా బతికింది. నడుం విరిగింది. ఆ రోజు జరిగిందేదీ ఆమెకు గుర్తు లేదు.

ఆ తర్వాత కొన్ని శనివారాలు వెండెల్ బయటి కంచె పట్టుకుని నిలబడి పందెం చూసేవాడట. ఓసారి రాయిస్ కంటపడ్డాడు.

"అమ్మాయికి ఎలా ఉంది?"

"ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావురా?" రాయిస్ కాపలావాణ్ని కేకేశాడు. "వీణ్ని ఇక్కణ్నించి తరిమెయ్!"

వెండెల్ సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

చలికాలానికి మార్లా కర్ర పట్టుకుని నడుస్తోంది.

"ఆ కారుని ఎన్నాళ్లిలా కప్పెట్టి ఉంచుతావు నాన్నా? ఇంజనైనా పనికొస్తుందేమో చూద్దాం."

వెండెల్ ఒప్పేసుకున్నాక, ఆ కారును విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. రాయిస్‌కు అటు చూడబుద్ధే కాలేదు.

ఇప్పుడు కారు మీద కప్పిన పట్టా లాగేసి బానెట్ ఎత్తాడు.

ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజన్‌కు వెళ్లే కడ్డీ పూర్తి వేగం దగ్గరే బిగుసుకుపోయి ఉంది. దాని బోల్టు తిరగేసి బిగించారు. బోల్టు కొస పక్కనున్న రేకుకు చిక్కుకుంది. కాలు తీసినా కడ్డీ వెనక్కి రాదు.

మార్లా వంగి చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"నాన్నా... నేను వేగం తగ్గించలేకపోయానన్నమాట. అతని కారు మధ్యలో లేకపోతే అదే వేగంతో నేరుగా గోడకే..."

తండ్రి బోల్టు కొసను వేలితో తడిమాడు.

"ఇది ఎవరు బిగించారు?"

ఆ కారు మీద రాయిస్ ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అది మార్లాకూ తెలుసు, ట్రాక్ మీద అందరికీ తెలుసు. అడిగాక ఆమే నాలిక కరుచుకుంది.

రాయిస్ కోటైనా వేసుకోకుండా ట్రక్కెక్కాడు.

కొండ మీది ఇంటి తలుపు వెండెల్ భార్య ఓపల్ తీసింది.

"వెండెల్‌ని పిలవమ్మా. ఒక్క మాట చెప్పాలి."

"మీకు తెలియదా టటిల్ గారూ? ఆయన పోయి నెల దాటింది. నిద్రలోనే గుండె ఆగిపోయింది."

రాయిస్ వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ బోల్టు... నేనే తిరగేసి బిగించానమ్మా. ఇవాళే చూశాను."

ఓపల్ ఉలిక్కిపడింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాడు రాయిస్. కనబడలేదు.

"అయ్యో, చూసేశారా!" అందామె మెల్లగా. "మలుపు దగ్గర పిల్ల వేగం తగ్గకపోవడం అద్దంలో చూసి, ముందుకొచ్చారట ఆయన. తర్వాత పిల్ల కారులోకి దూరి ఇంజన్ ఆపడానికి చెయ్యి పెట్టినప్పుడు, పెడల్ నేలకంటా అతుక్కుపోయి ఉందట. కన్నకూతురిని చేతులారా చంపబోయానని మీకు ఏనాటికీ తెలియకూడదనే కదండీ, ఆ తప్పు తన నెత్తిన వేసుకున్నారు!"