నేనూ ఈయనలాగే

"సాక్షులు, ముద్దాయి తప్ప అందరూ బయటికి నడవండి" అన్నాడు న్యాయసభ పెద్ద.

జనం గొణుక్కుంటూ కదిలారు. సిప్పోరి ఊళ్ళో సగంమంది అక్కడే ఉన్నారు. రాళ్ళు ఎక్కడ దొరుకుతాయో ముందే చూసుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ. ముద్దాయి దేవుణ్ణి పేరు పెట్టి తిట్టాడన్నది నేరం; ఆ తిట్టు మళ్ళీ పలకడమూ పాపమే గనక, పొద్దుటినుంచీ విచారణంతా దేవుడి పేరు పలక్కుండా, ఆ చోట 'యోసే' అని పెట్టి నడిపారు. "యోసే నాశనమైపోను అన్నాడా?" "అన్నాడండీ." గుంపులో తోళ్ళ వ్యాపారి యోసే కూడా ఉన్నాడు. పక్కవాడు వాడి డొక్కలో పొడిచాడు.

"తిట్లన్నీ నీకేరా ఇవాళ. ఇంటికెళ్ళి దిష్టి తీయించుకో."

సాక్షుల్లో ఒకడైన నెహున్యాకు నవ్వు రాలేదు. శ్మశానం నుంచి వచ్చినప్పటినుంచీ అతనికి నవ్వూ ఏడుపూ ఏదీ రావడం లేదు.

గోడవారన ముద్దాయి, కుమ్మరి తన్హూమ్ కూర్చుని ఉన్నాడు. జ్వరం అతని పిల్లలిద్దర్నీ ఒకే వారంలో పట్టుకుపోయింది. చిన్నదాన్ని సమాధి గుహలో పెట్టి, బండరాయి దొర్లించి మూస్తున్నప్పుడు ఆ మాట అన్నాడు. అది విన్నది, రాయికి చెయ్యి వేసిన యాకీము, నెహున్యా ఇద్దరే.

"కొయ్యలా నిలబడ్డావేంరా?" యాకీము నెహున్యా చెవిలో అన్నాడు. "పెద్దవాణ్ణి నేను, చెప్పేది నేను. నువ్వు 'నేనూ ఈయనలాగే విన్నాను' అంటే చాలు. నీ నోరు మైలపడదు."

"తర్వాత?"

"తర్వాతేముంది? రాళ్ళతో కొట్టి చంపడమే. మొదటి రాళ్ళు వెయ్యాల్సింది సాక్షులే గదా."

"తన్హూమ్ పెళ్ళాం?"

"దేవుడు చూసుకుంటాడులే."

తలుపులు మూశారు.

"యోసే అన్న మాట మీద మనిషి ప్రాణం తీయలేం" అన్నాడు పెద్ద. "యాకీమూ, ఇప్పుడు విన్నది విన్నట్టు చెప్పు. అసలు పేరుతో."

యాకీము పెదాలు తడుపుకున్నాడు. చెప్పాడు.

న్యాయమూర్తులందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. దేవుడి మీద తిట్టు చెవిన పడితే చెయ్యాల్సినట్టు, మెడ దగ్గర పట్టుకుని అంగీలు చింపుకున్నారు. ఆ చిరుగులు ఇక ఎన్నటికీ కుట్టించుకోరు. తన్హూమ్ మాత్రం, ఇదంతా ఎవరి గురించో అన్నట్టు నేలకేసి చూస్తున్నాడు.

"నేను చింపుకోనక్కర్లేదు గదండీ?" అన్నాడు యాకీము.

"అక్కర్లేదు. సాక్షి విన్ననాడే చింపుకుంటాడు. ఇవాళ కొత్తగా విన్న మాకే ఈ చింపుడు." పెద్ద ఇటు తిరిగాడు. "నెహున్యా, రెండో సాక్షి లేనిదే తీర్పు లేదు. చెప్పు నాయనా."

యాకీము మోచేత్తో పొడిచాడు. "అనరా."

నెహున్యా తన్హూమ్ చేతుల వంక చూశాడు. గోళ్ళలో ఇంకా శ్మశానం మట్టే ఉంది. తన చేతులు వాటంతటవే పైకి లేచి, అంగీ మెడ పట్టుకున్నాయి.

పర్రుమని గుడ్డ చిరిగింది.

"ఒరేయ్, నువ్వెందుకురా!" యాకీము అరిచాడు.

పెద్ద ముఖం పాలిపోయింది. "పొద్దున నువ్వూ యోసే అనే సాక్ష్యం చెప్పావు గదా?"

"చెప్పానండీ. ఆనాడు తన్హూమ్ అన్నదీ యోసే అనే. దేవుడి పేరు పెట్టి తిట్టడం ఇప్పుడే వింటున్నాను, ఈయన నోట."