ఎవరి వకాల్తా?

"నన్ను లేపాలంటే కుర్చీతో సహా మొయ్యాలి. మోసే దమ్ము మీలో ఎవరికుందిరా?" అన్నాడు పెద్దాయన.

ఆ లా ఆఫీసు ఆయన పెట్టిందే. ఊళ్లో సగం మంది వీలునామాలు ఆయన రాసినవే. తన తర్వాత ఆఫీసు పగ్గాలు ఎవరివని అడిగితే మాత్రం, అదేం చోద్యమో, కయ్యిమని లేచేవాడు.

బల్లకు అటువైపు ముగ్గురు భాగస్వాములు తలలు దించుకుని కూర్చున్నారు. నిలబడింది ఒక్కతే, ఆయన అన్న కూతురు. నల్లకోటు గుండీలు పెట్టుకోవడం దగ్గర్నుంచీ ఆయన నేర్పిన పిల్ల.

"బాబాయ్, పోయిన వారం కోర్టులో ఏం జరిగింది?"

"ఏం జరిగింది? అరగంట వాదించాను. జడ్జిగారు తల ఊపుతూనే ఉన్నారు."

"ఊపరూ మరి! నువ్వు వాదించింది అవతలివాళ్ల తరఫున. మన కక్షిదారు ముసలమ్మ వెనక బెంచీలో ఏడుస్తూ కూర్చుంది. నేను లేచి అడ్డుపడబట్టి గానీ, ఆవిడ ఇల్లు పోయేది."

ఎవరో పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు.

"ఒక్క పొరపాటు! నలభై ఆరేళ్లలో ఒక్కటి!" బల్ల గుద్దాడు పెద్దాయన.

"ఒక్కటి కాదు, నాలుగు. తేదీలు చదవనా?"

చదివింది. ఒక్కో తేదీకి ఆయన ఒక్కో సాకు చెప్పాడు. ప్రతి సాకునూ ఆమె, ఆయన నేర్పిన పద్ధతిలోనే, గొంతు పెంచకుండా పీకి పక్కన పెట్టింది.

లావుపాటి భాగస్వామికి మనసొప్పలేదు. "పోనీలేమ్మా, పెద్దవాడు. ఇంకో ఏడాది ఉండనిద్దాం."

"ఈ ఏడాదిలో ఇంకెంతమంది ఏడవాలి అంకుల్? ఇవాళే తేలాలి. చేతులెత్తండి."

"చంకనెక్కించుకుని కోర్టు చూపించాను కదే నీకు! ఈ కుర్చీ మీద అంత మోజా?"

"నాకొద్దు నీ కుర్చీ. ఈ ముగ్గురిలో ఎవర్నయినా కూర్చోబెట్టు. నువ్వు మాత్రం లే."

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గొంతు మాత్రం జీరబోలేదు.

ఒకదాని వెనక ఒకటి, మూడు చేతులూ లేచాయి.

పెద్దాయన ఊగిపోయాడు. "అసలు ఎవరి తరఫున మాట్లాడుతున్నావే నువ్వు? ఏ దగుల్బాజీ ఇచ్చాడు నీకు వకాల్తా?"

ఆమె ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

రెండేళ్ల కిందట, "నాకు మతిమరుపు మొదలైందన్నాడు డాక్టరు; అది ముదిరాక నేనెంత అరిచినా, నిన్నెన్ని తిట్టినా లెక్కచేయకుండా, నా తరఫున నిలబడి నన్ను ఈ కుర్చీలోంచి దించాలి తల్లీ" అని ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి, కింద సంతకం పెట్టింది ఆయనే.