బాన నీళ్లు

బడి గేటు దగ్గర చలివేంద్రంలోని బానను ఒక ముసలివాడు ఒరగదోశాడు. నీళ్లన్నీ మట్టిపాలయ్యాయి.

ఎదురుగా మసాలా దినుసుల కొట్టు. అందులోంచి హాజీ మెత్వల్లీ పరుగున వచ్చి అతని మెడ పట్టుకున్నాడు.

"వారంలో ఇది మూడోసారి! ఎవరి పుణ్యాన్నిరా పారబోస్తున్నావు? గోడ మీద రాత కనబడలేదా?"

గోడ మీద నీలిరంగు అక్షరాలు: 'పోయిన ఒక బిడ్డ కోసం. తాగినవాళ్లు ఆమెకు దువా చేయండి.'

"కనబడింది హాజీ. నీళ్లు పోసేవాడు కుళాయి దాకా పోవడం లేదు. కాలువలో ముంచి తెస్తున్నాడు. చెబితే వినడు. పిల్లల్ని తాగనివ్వకండి."

"పెట్టించిన దాతకు లేని నొప్పి నీకెందుకు? అసలు నువ్వెవడివి?"

ముసలివాడు నోరు తెరిచాడు. గోడ వైపు చూసి మూసుకున్నాడు.

మెత్వల్లీ సరుకును వాసనతోనూ, మనిషిని బట్టలతోనూ తూచేవాడు. చిరుగుల జుబ్బా, అరిగిన చెప్పులు. తేలిక సరుకు.

"మళ్లీ ఈ ఛాయలకొస్తే కాళ్లు విరగ్గొడతా" అంటూ బస్సెక్కించాడు.

బాన మళ్లీ నిండింది.

నాలుగు రోజుల తర్వాత సైన్సు మాస్టారు వగ్దీ బల్ల మీద మైక్రోస్కోప్ పెట్టి, ఒక చుక్క నీళ్లు తెమ్మన్నాడు. మెత్వల్లీ మనవరాలు రతీబా బాన దగ్గరికి పరుగెత్తింది. గ్లాసుడు తాగి, అడుగున మిగిలింది తెచ్చింది.

"కదులుతున్నాయి మాస్టారూ! ఆ లావుది అచ్చం మా తాతే!"

క్లాసంతా గొల్లుమంది.

వగ్దీ కూడా చూశాడు. అతనికి నవ్వు రాలేదు.

"ఇది కాలువ నీరు. బాన నీళ్లు ఎవరెవరు తాగుతున్నారు?"

చేతులన్నీ లేచాయి. అందరికంటే ఎత్తుగా రతీబా చెయ్యి.

ఆ క్లాసు జరిగిన తొమ్మిదో రోజు, రతీబాను ఖననం చేసి వచ్చిన మెత్వల్లీ గునపంతో బానను పగలగొడుతుంటే, దాన్ని చేసిన కుమ్మరి గాదల్లా వచ్చి నిలబడ్డాడు.

"ఇది నీ దగ్గర కొన్న దాత ఎవడో చెప్పు. వాడి గడపలో నిలబడి అడుగుతా."

"చెప్పకూడదు హాజీ. ఇచ్చినవాడి పేరు బయటపడితే పుణ్యం కూతురికి చేరదని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"నా బిడ్డ పోయింది గాదల్లా! చెప్పు!"

గాదల్లా వంగి ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాడు.

"మొన్న నువ్వు బస్సెక్కించింది ఆయన్నే."